ముందు పిక్క చూడాలి

రోజు 9

ఇవాళ కూడా పిండే. తొమ్మిది రోజులుగా మూతి బిగించిన రబ్బరు సంచిలో గోధుమపిండి ముద్ద పిసుకుతున్నాను. నాకు మర్దన నేర్పే సాలమ్మక్క ఆ ముద్దలో ఎక్కడో నానబెట్టిన శనగ గింజ ఒకటి దాస్తుంది. దాన్ని నలక్కుండా బొటనవేలితో కనిపెట్టి చూపించాలి. పన్నెండేళ్ళు డ్రిల్లు పట్టిన చేతులు నావి. బండ ఎక్కడ పగులుతుందో అడిగితే చెబుతాను గానీ శనగ గింజ సంగతి నాకేం తెలుసు? ఆరింట్లో నాలుగు నలిగిపోయాయి.

"మనిషి ఒంట్లో ఉండేటియ్యి ఇంతకంటే మెత్తనివి కోటేసూ," అంది అక్క. "నీ కండలు చూపించబాక. వేలు వినాల."

శిక్షణలో ఉన్నవాళ్ళు రోజూ రాయాలని బోర్డు నియమం. భూమ్మీద కూర్చున్న ఆ పెద్దమనుషులు ఇది చదువుతారో లేదో తెలీదు. చదివితే అర్థం కావాలి కాబట్టి ఒకసారి చెబుతున్నాను. నా పేరు కోటేశ్వరి. అంతరిక్షంలో ఈ పెన్న స్టేషన్‌లో రాయి తొలిచే జట్టులో ఉండేదాన్ని. భుజం కీలు తప్పాక జట్టులోంచి తీసేశారు. నూట ఎనిమిదో రోజున మర్దన పరీక్ష పాసైతే సాలమ్మక్క దగ్గర ఉద్యోగం. లేకపోతే ఆ వెంటనే వచ్చే ఓడలో కిందికి. పన్నెండేళ్ళుగా తేలుతూ బతికిన ఒళ్ళు ఇది. కింద నాకోసం ఎదురుచూసేది బరువు ఒక్కటే.

రోజు 23

సంచి అయిపోయింది, బొమ్మ అయిపోయింది, మనుషుల మీదికి వచ్చాను.

ఆ బొమ్మ భూమి నుంచి వచ్చింది, నిలువెత్తు మనిషి. ఎడమ పిక్కలో గడ్డ పెట్టి పంపారు. అది చూసుకోకుండా కాలు పట్టామా, ఛాతీలో ఎర్రదీపం వెలుగుతుంది. మనిషి పోయాడని అర్థం. పిక్కలో నెత్తురు గడ్డకట్టి ఉన్నప్పుడు ఒత్తితే అది ఊడి, కొట్టుకుపోయి, ఊపిరితిత్తుల్లో అడ్డం పడుతుంది. మొదటి రోజు నేను ఆ బొమ్మని మూడుసార్లు చంపాను.

అందుకే బల్ల మీదికి ఎవరొచ్చినా ముందు పిక్క చూడాలి. రెండు పిక్కలూ తడిమి "పిక్క బాగుంది" అంటాం. వాళ్ళు "చెయ్యి వెయ్యి" అంటారు. ఆ మాట అనిపించుకోకుండా సాలమ్మక్క ఇరవై రెండేళ్ళలో ఎవరికీ మర్దన మొదలుపెట్టలేదు.

ఇంకో సంగతి, పట్టీ. ఇక్కడ ఒకరిని ఒత్తితే ఒత్తినవాళ్ళు వెనక్కి పోతారు. కాబట్టి నా నడుముకీ పడుకున్నవాళ్ళ నడుముకీ కలిపి ఒకే పట్టీ, నా పాదాలు బల్ల కింది కమ్మీలో. కొక్కెం ఎప్పుడూ నా వైపే. మనిషిని మాత్రం బల్లకి కట్టం. కడితే ఒళ్ళు బిగుసుకుంటుందని అక్క నమ్మకం. పని మొదలయ్యాక ఒక చెయ్యి ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి. రెండు చేతులూ తీస్తే పడుకున్నవాళ్ళకి ఎక్కడో వదిలేసినట్టు గుండె జారుతుంది. పరీక్షలో రెండు చేతులూ తీస్తే అక్కడితో సరి, బల్ల నిమిషాల లెక్క ఆపేస్తుంది.

ఆటల హాల్లో పాత మర్దన కుర్చీ ఒకటుంది, రెండు రబ్బరు పిడికిళ్ళతో మెడ కుమ్మే యంత్రం. జట్టులో ఉన్నప్పుడు నాకు దానిమీద మోజు. ఆ మాట అంటే అక్క నన్ను ఎగాదిగా చూసింది.

"దానికి ఒత్తడం వొచ్చు. ఎప్పుడు ఒత్తకూడదో రాదు. మన చదువంతా ఆ రెండోదే."

రోజు 58

గర్వంగా ఉంది, రాసేస్తున్నాను. బండలు లాగే వించి నడిపే గురవయ్య నెల్లాళ్ళుగా మెడ పట్టేసిందని తిరుగుతున్నాడు. తలనొప్పి, నిద్ర లేదు. ఇవాళ అక్క నన్ను చెయ్యమంది, తను పక్కనుంది.

పిక్క చూశాను. "పిక్క బాగుంది."

"నా పిక్కకేం తల్లీ, కోడి కాలంత ఉండాది. చెయ్యి వెయ్యి," అన్నాడు.

మెడ ఎడమపక్క, ముందువైపు, చెవి కింది నుంచి గొంతు పక్కగా సన్నటి తాడులాంటిది తగిలింది. గట్టిగా ఉంది, కాస్త వెచ్చగా ఉంది. అక్కకి చెబితే "కండరం బిగుసుకోనుంటాది, సాగదియ్యి" అంది. పదకొండు నిమిషాలు పట్టాను. తాడు పూర్తిగా మెత్తబడలేదు గానీ గురవయ్య మొహం మెత్తబడింది. పోతూ పోతూ, "ఏం చెయ్యే నీది!" అన్నాడు.

పన్నెండేళ్ళలో నా చేతుల్ని ఎవరూ మెచ్చుకున్నది లేదు.

రోజు 60

గురవయ్య పోయాడు. పొద్దున వించి దగ్గర ఊపిరాడటం లేదని గుండె పట్టుకున్నాడట. మందుల గది చూసుకునే మస్తాన్ భాయ్ వెళ్ళిన రెండు నిమిషాలకే అయిపోయింది. భూమ్మీది డాక్టర్లు గుండెపోటు అని తేల్చారు. గురవయ్య భార్య కొండమ్మ వంటగదిలో పని చేస్తుంది. ఇవాళ ఆమె చోట వేరే ఎవరో వడ్డించారు. నాకు తినబుద్ధి కాలేదు.

రోజు 97

సాలమ్మక్కకి వారంగా తలనొప్పి. అడిగితే కసురుతుంది. మొహం ఉబ్బింది గానీ ఇక్కడ ఎవరి మొహం ఉబ్బలేదు? నెత్తురు కిందికి దిగదు కాబట్టి అందరివీ పూరీ మొహాలే.

ఓడ నూట పదో రోజున వస్తుంది. దాంతోపాటు వైద్య తనిఖీ. ఎవరిలో ఏ తేడా కనిపించినా దించేస్తారు. అక్కకి అరవై ఒకటి. ఆమె ఎముకల ఫోటో ఒకసారి చూశాను, జల్లెడలా ఉంది. కిందికి పోతే మళ్ళీ మంచం దిగదు. అందుకే తలనొప్పి సంగతి ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది. మరి ఇందులో రాస్తున్నావేం అంటారా? దీన్ని పరీక్ష అయ్యాకే పంపుతారు.

రోజు 104

పరీక్ష గురువు ఒంటి మీదే ఇవ్వాలి, అది ఆచారం. అందుకని ఇవాళ అక్క మీద సాధన. పిక్కలు చూశాను, మాట అనిపించుకున్నాను, వీపు పట్టాను. మెడ దగ్గరికి వచ్చేసరికి నా వేలు దానంతట అదే ఆగింది.

ఎడమపక్క, చెవి కింది నుంచి గొంతు పక్కగా, అదే తాడు, అదే వెచ్చన. మనిషి మారింది గానీ తాడు మారలేదు.

"ఆగావేందే?"

"చెయ్యి తిమ్మిరెక్కింది అక్కా," అని అబద్ధం చెప్పాను. నాకు భయమేసింది.

రోజు 105

నిన్నంతా ఒకటే ఆలోచన. ఇవాళ పిండి ముద్ద ముందు వేసుకుని అక్కని అడిగాను, మనం పిక్కే ఎందుకు చూస్తామని.

"మా గురువు చూసేది. నెల్లూరు బస్టాండు దగ్గర ఉండేది ఆమె గది. పొద్దస్తమానం నిలబడి పనిచేసే ఆడోళ్ళు వొచ్చేవోళ్ళు. నిలబడితే నెత్తురు కాళ్ళలోకి దిగి ఆగిపోతాది. ఆగిన నెత్తురు గడ్డ కడతాది."

"ఇక్కడ ఎవరు నిలబడ్డారక్కా?"

అక్క పిండి సంచిని నా వైపు నెట్టేసింది.

"ఇక్కడ నెత్తురంతా పైకే కదా ఎక్కేది! మెడలో ఆగుతుందేమో. గురవయ్యకి తగిలింది కండరం కాదేమో. నీకూ అదే ఉంది, ఎడమపక్క, నా వేలికి తగిలింది."

అక్క మొహం మాడిపోయింది. ఇరవై రెండేళ్ళ నుంచి ఈ స్టేషన్‌లో రెండు వందల మంది మెడలు పట్టిన మనిషి ఆమె. నా మాట నిజమైతే ఆమె ఇన్నాళ్ళూ వెతకాల్సిన చోట వెతకలేదని అర్థం. గురవయ్యని సాగదియ్యమన్నదీ ఆమే. ఆ సంగతి నోట్లోంచి వచ్చాక గానీ నాకు తట్టలేదు.

"నూరు రోజులు పిండి పిసికి నాకే చెప్పొచ్చావా," అంది. "ఓడ వొచ్చేలోపల ఈ మెడ సాఫీ కావాల. పరీక్షలో నువ్వు గట్టిగా పడతావు, అది పోతాది. ఇంక మాట్లాడబాక."

రోజు 106

మస్తాన్ భాయ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన దగ్గర చిన్న స్కానర్ ఉంది. నెలకోసారి అందరి పిక్కలూ దాంతోనే చూస్తాడు. ఆయనకీ పిక్కే!

"మెడ మీద పెట్టి చూడు భాయ్, ఒక్కసారి."

"ఎవరి మెడ?"

పేరు చెప్పలేకపోయాను, ఒట్టు అడ్డం వచ్చింది. ఊరికే అడుగుతున్నానన్నాను.

"ఊరికే అంటే ఎట్టమ్మా? ఇది ఆన్ చేస్తే ప్రతిదీ కిందికి రాసుకుంటాది. ఎవరికి, ఎందుకు, ఎవరు చెప్పారు అని మూడు పేజీలు నింపాల. మెడ అనే గడే లేదు ఇందులో."

గడి లేదట, అదీ సంగతి. తిరిగొచ్చి నా మెడ నేనే తడుముకున్నాను. ఏమీ తగల్లేదు. నేను పొరపడి ఉండొచ్చు. శనగ గింజ కనిపెట్టడానికే నాకు ఇరవై రోజులు పట్టింది. నేను పొరపడి, మెడ ముట్టకపోతే పరీక్ష పోతుంది, ఓడెక్కుతాను. పొరపడకుండా ఉండి, భయపడి మెడ పడితే అక్క పోతుంది. రెండిట్లో ఏది నిజమో చెప్పడానికి నా దగ్గరున్నది ఒక బొటనవేలు.

రోజు 108

పరీక్ష అయిపోయింది. వరసగా రాస్తాను.

బోర్డుకి చూపించే కెమెరా వెలిగింది. పట్టీ బిగించాను, కొక్కెం నా వైపు. పిక్కలు చూశాను. "పిక్క బాగుంది." "చెయ్యి వెయ్యి." యాభై నిమిషాల పని. వీపు పట్టాను, నడుము పట్టాను, భుజాలు పట్టాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు. మెడని మాత్రం చివరికి నెట్టుకుంటూ వచ్చాను. నలభై ఒకటో నిమిషంలో ఇక నెట్టడానికి ఏమీ మిగల్లేదు. అక్క వెల్లకిలా తిరిగింది.

"మెడ," అంది, కెమెరాకి వినిపించేలా.

కుడిచెయ్యి భుజం మీద ఉంచి ఎడమ బొటనవేలు ఆనించాను. అక్కని గట్టిగా ఊపిరి పీల్చమన్నాను. కుడిపక్క నరం మెత్తగా అణిగింది. ఎడమపక్కది అణగలేదు. తాడు మొన్నటికంటే లావుగా ఉంది.

"పట్టు," అంది అక్క. నేను కదల్లేదు. అప్పుడు గొంతు తగ్గించింది. "కోటేసూ, నన్ను దించేస్తారే. నీ కాళ్ళు పట్టుకుంటా. పట్టు."

ఆ గొంతు ఎన్నడూ విన్నది కాదు. నాకు ఏడుపొచ్చింది. గురవయ్య మొహం గుర్తొచ్చింది, పదకొండు నిమిషాల తర్వాత మెత్తబడిన ఆ మొహం.

రెండు చేతులూ తీసేశాను.

బల్ల కీచుమంది. లెక్క ఆగింది. నలభై మూడు నిమిషాల పది సెకన్లు.

అక్క పైకప్పు కేసి చూస్తూ, చాలా నెమ్మదిగా, "సరే. నువ్వు చెయ్యకుంటే కుర్చీ చేస్తాది. పట్టీ విప్పు," అంది.

"కుర్చీయా? నువ్వు కుర్చీలో కూర్చుంటావా?"

"విప్పవే!"

కొక్కెం నా వైపుంది. ఇరవై రెండేళ్ళ క్రితం ఆ కొక్కేన్ని అటు పెట్టించిందీ ఆమే. నేను విప్పలేదు. కమ్మీలోంచి పాదాలు లాగేసుకుని, గోడని తన్ని, అక్కతో సహా తలుపులోంచి బయటపడ్డాను.

నడవా పొడుగునా ఆమె తిట్టని తిట్టు లేదు. నా జుట్టు పట్టుకుంది, భుజం మీద కొట్టింది, అదీ పాడైన భుజం మీదే. ఒక చేత్తో ఆమె తల కదలకుండా నా ఛాతీకి అదుముకున్నాను, ఇంకో చేత్తో గోడ పిడులు పట్టుకుంటూ లాక్కుపోయాను. ఎదురొచ్చిన డ్రిల్లు జట్టు గోడకి అతుక్కుపోయి దారిచ్చింది. మా పాత మేస్త్రీ ఏదో అడగబోయి మానుకున్నాడు.

"భాయ్, మెడ మీద పెట్టు," అన్నాను మందుల గదిలోకి దూరుతూనే.

"చెప్పాగదమ్మా, మెడకి గడి లే..."

"ఎడమ పిక్క అని రాసుకో! ఏమన్నా రాసుకో! పెట్టు!"

అక్క అప్పటికి అలిసిపోయి రొప్పుతోంది. ఆ రొప్పు చూసి మస్తాన్ భాయ్ మొహంలో రంగు మారింది. వించి దగ్గర అలాంటి రొప్పు ఆయన ఒకసారి విన్నాడు. స్కానర్ అందుకున్నాడు.

కుడిపక్క ముందు. కాస్త ఒత్తగానే తెర మీద నరం మూసుకుంది, వదిలితే తెరుచుకుంది. ఎడమపక్క పెట్టి వేలి బరువు కూడా వెయ్యకుండా ఆనించాడు. మూసుకోలేదు. లోపల బూడిదరంగు ముద్ద, గొట్టం నిండా. పిండిలో శనగ గింజ కాదు, చిక్కుడుకాయంత ఉంది.

మస్తాన్ భాయ్ వెళ్ళి నెత్తురు పలచబడే ఇంజెక్షన్ తెచ్చాడు. పిక్కల కోసం పంపిన మందు, ఏళ్ళ తరబడి వాడకుండా పడి ఉంది.

సూది వేయించుకుంటూ అక్క తెర కేసే చూస్తోంది.

"గురవయ్యక్కూడా ఇదేనా?"

"ఇదే అక్కా. నా వేలికి ఇదే తగిలింది. పదకొండు నిమిషాలు పట్టాను."

"పట్టమన్నది నేను." కళ్ళ నిండా నీళ్ళు చేరాయి. ఇక్కడ కన్నీళ్ళు జారవు, కంటి మీదే ముద్దగా నిలబడతాయి. నేను గుడ్డతో అద్దాను. అప్పుడు చూసుకున్నాను, పట్టీ ఇంకా విప్పలేదు.

రోజు 109

బోర్డు జవాబు వచ్చింది. నలభై మూడో నిమిషంలో స్పర్శ తెగింది కాబట్టి పరీక్ష పోయింది. దాని కిందే ఇంకో ఉత్తరం. సాలమ్మని ఎట్టి పరిస్థితిలోనూ కదిలించవద్దు, ఓడ కుదుపులకి గడ్డ ఊడవచ్చు, మూడు నెలలు ఇక్కడే మందు వాడాలి, స్టేషన్‌లో అందరి మెడలూ వెంటనే చూడాలి. పరీక్ష ఫలితం మళ్ళీ పరిశీలిస్తారట. అందాకా నేను ఓడ ఎక్కనక్కర్లేదు, అక్క కళ్ళముందు మాత్రమే పని చెయ్యవచ్చు. ఆ పరిశీలనకి నా దినచర్య మొత్తం పంపాలి.

మొత్తం అంటే యాభై ఎనిమిదో రోజు కూడా.

ఆ పేజీ తెరిచి చాలాసేపు చూశాను. ఒక్క మీట నొక్కితే పోతుంది. గురవయ్య గుండెపోటుతో పోయాడనే కింద రాసుంది, ఎవరూ అడగరు. అక్క నా వెనకాల చేరి, "నేను చేయించానని రాయి," అంది. అది ముందే రాసి ఉంది. చేసింది నేనని కూడా రాసి ఉంది. ఏమీ మార్చకుండా పంపేశాను.

కానీ బోర్డుకంటే ముందు తెలియాల్సిన మనిషి ఒకరున్నారు. పంపే ముందే వంటగదికి వెళ్ళాను. కొండమ్మ పప్పు పొట్లాలు కడుతోంది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఏం తగిలింది, ఎంతసేపు పట్టాను, అది ఎక్కడికి పోయి ఉంటుంది, అంతా. ఆమె చేతిలో పొట్లం అలాగే ఉండిపోయింది.

"ఆ పూట వొచ్చి ఒకటే మాట," అంది చివరికి. "కొండా, నెల్లాళ్ళకి మెడ తేలికపడింది, ఆ పిల్ల చెయ్యి శానా మంచిదని. నిద్దర పోయాడు. నేను నిన్ను దీవించా తెలుసా? నీ పేరు పెట్టి దీవించా."

తిట్టినా బాగుండేది. ఆమె అటు తిరిగి మళ్ళీ పొట్లాలు కట్టుకోవడం మొదలుపెట్టింది. నేను కాసేపు అక్కడే ఉండి వచ్చేశాను.

రోజు 131

రెండు వందల ఆరు మెడలు చూశాం. మూడు దొరికాయి. ముగ్గురూ మందు మీద ఉన్నారు, పనిలో లేరు, బతికి ఉన్నారు. అక్క గడ్డ సగానికి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. బొమ్మ మెడ కోసి లోపల గడ్డ అమర్చమని మస్తాన్ భాయ్‌ని సతాయిస్తోంది. బోర్డు నుంచి ఇంకా ఏమీ లేదు.

మధ్యాహ్నం కొండమ్మ వచ్చింది. మెడలు చూసినప్పుడు ఆమె మస్తాన్ భాయ్ దగ్గరే చూపించుకుంది, నా దగ్గరికి రాలేదు. ఇవాళ తలుపు పట్టుకుని కాసేపు ఆగి, "నడుం నొప్పి," అంది. అక్క నా వైపు చూసింది. "నేను చెయ్యలేను కొండమ్మా, ఇదే చెయ్యాల," అంది.

కొండమ్మ బల్ల మీద పడుకుంది. పట్టీ బిగించబోతే కొక్కెం రెండుసార్లు జారింది. మూడోసారి పడింది.

అలవాటు కొద్దీ చెయ్యి పిక్క మీదికి పోయింది. కొండమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆపి, పైకి లాగి, తన మెడ ఎడమపక్కన పెట్టుకుంది.

"ముందు ఇక్కడ చూడు."

చూశాను. ఊపిరి పీల్చమన్నాను, వదలమన్నాను. ఎడమ చూశాను, కుడి చూశాను, మళ్ళీ ఎడమ చూశాను. నరం మెత్తగా అణిగింది, మెత్తగా లేచింది. వేలి కింద ఆమె నాడి కొట్టుకుంటోంది.

"మెడ బాగుంది," అన్నాను.

కొండమ్మ కళ్ళు మూసుకుంది. జవాబు చెప్పలేదు. అది చెప్పకుండా నేను మొదలుపెట్టకూడదు. చెయ్యి ఆమె మెడ మీద అలాగే ఆనించి ఉంచాను. అక్క తొందరపెట్టలేదు. ఎంతసేపో తెలీదు, నేను లెక్కపెట్టలేదు.

తర్వాత ఆమె కళ్ళు తెరవకుండానే అంది, "చెయ్యి వెయ్యి."